చికోరీ ఎంత?

2025 ఫిబ్రవరి. విజయవాడ వన్‌టౌన్‌లో కాఫీ పొడి కొట్టు ముందు నిలబడ్డారు మీరు. సందు మలుపు తిరక్కముందే వేగిన గింజల వాసన ముక్కుకు తగిలింది. లోపల మర గరగరా తిరుగుతోంది, కాళ్ల కింద గచ్చు సన్నగా అదురుతోంది. ఇంట్లో కాఫీ డబ్బా నిన్ననే అడుగంటింది. చేతిలో ఉన్నది ఒక్క ఐదు వందల నోటు. గోడ మీది పలకలో పాత ధర కొట్టేసి, పక్కన సుద్దతో కొత్తది రాశారు. ఆ కొత్తది కూడా ఒకసారి తుడిచి దిద్దినదే.

"సంక్రాంతికి ఇంత లేదు కదండీ?"

కొట్టాయన తలెత్తడు. "బ్రెజిల్‌లో వానల్లేవండీ. అక్కడ పంట పోతే ఇక్కడ పలక మారుద్ది."

ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి బెజవాడ! కానీ లోకంలోని కాఫీలో మూడో వంతుకు పైగా పండేది అక్కడే. 2024లో అక్కడి తోటలు ఎండకి మాడాయి. రోబస్టా రకం కాఫీని అందరికన్నా ఎక్కువ పండించే వియత్నాంలోనూ కరువే. ఈ నెలలోనే న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ పౌను 4 డాలర్లు దాటింది. మన దేశంలో పండే గింజల్లో ఎక్కువ భాగం ఓడెక్కి పోతుంది కాబట్టి, అక్కడ పలికిన రేటే చిక్కమగళూరు రైతు ఇక్కడా అడుగుతాడు. అడగాలి కూడా. గిట్టుబాటు లేక ఏళ్ల తరబడి నలిగినవాడు అతను.

"తక్కువలో కావాలంటే ఇది పట్టుకెళ్లండి."

మెరిసే ప్యాకెట్ ఒకటి మీ ముందుకొచ్చింది. ధర చూడగానే ప్రాణం లేచొస్తుంది. చెయ్యి నోటు తియ్యబోతుంది. ఆగండి, ప్యాకెట్ వెనక్కి తిప్పండి. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: కాఫీ 53 శాతం, చికోరీ 47. చట్టం ఒప్పుకునేదే. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకపోతే చాలు. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి కొడతారు. రంగొస్తుంది, చిక్కదనం వస్తుంది, కెఫీన్ ఉండదు. అదేమీ విషం కాదు, మన అమ్మలూ కలిపారు. కానీ సగానికి సగం వేరు పొడి కొంటున్నామని తెలిసి కొనాలి.

ప్యాకెట్ పక్కకి జరిపారు. పై అరలో అరకు కాఫీ ఉంది. మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో గిరిజన రైతులు పండించే అరబికా, 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. చేతిలో డబ్బాడితే అదే కొనండి. ఇవాళ ఆడదు.

కింద మూడు డబ్బాలున్నాయి. మొదటిది ప్లాంటేషన్ ఏ. గింజ పెద్దది, ధరా పెద్దదే. రెండోది ప్లాంటేషన్ బి. అదీ అరబికానే, జల్లెడ దగ్గర చిన్నదని వేరుపడ్డ గింజ. రెండూ చెరొకటి కొరికి చూడండి. పాలు పోసుకు తాగే కాఫీలో రెండింటి తేడా నా నాలుకకైతే అందలేదు. మూడోది రోబస్టా చెర్రీ. చేదెక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. ధర తక్కువ, పాలల్లోనూ ఘాటు చావదు.

మర ఆగింది. మీ వంతు.

"ఎంతండీ?"

"పావు కిలో."

వెనకాయన మోచెయ్యి తగులుతోంది. "తొందరగా కానివ్వండి."

కొట్టాయన గరిటె చికోరీ డబ్బాలో దిగింది. ఎంతని అడగలేదు. నిండా తీశాడు. మర వైపు తిరిగాడు.

"ఆగండి!"

గరిటె ఆగింది. అందరూ చూస్తున్నారు. మరలో పడిందా, ఇక వెనక్కి రాదు. చెప్పండి. ఇప్పుడే.

"ప్లాంటేషన్ బి 150 గ్రాములు. రోబస్టా 75. చికోరీ 25. నా ముందే తూచండి."

ఒక్క క్షణం మీ వంక చూసి, తీసిన చికోరీని తిరిగి డబ్బాలో వంపేశాడు. కాటా మీద మూడు తూకాలూ మీ కళ్ల ముందే పడ్డాయి. మర మళ్లీ తిరిగింది. పొట్లం అరచేతిలో వెచ్చగా ఉంది, నోటుకి చిల్లర కూడా వచ్చింది. పావు కిలోతో ఆపడమే మంచిది. మర పట్టిన పొడికి రోజురోజుకీ వాసన తగ్గుతుంది.

ఇంటికొచ్చి ముందు ఒక గాజు గ్లాసులో చన్నీళ్లు పోయండి. పైన చిటికెడు పొడి చల్లి కదపకుండా చూడండి. కాఫీ తేలుతుంది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగుతుంది. మీ గ్లాసులో సన్నటి చారలు కొన్నే. తూకం నిజమే.

ఇక ఫిల్టర్. పై గిన్నెలో పొడి వేసి మెల్లగా అదిమి, మరిగించి దించిన నీళ్లు పోసి మూత పెట్టండి. తొందరపడి కదిపితే డికాక్షన్ పలచబడుతుంది. చిక్కటిది దిగాక అదే పొడి మీద ఇంకోసారి నీళ్లు పోస్తే సాయంత్రానికి పనికొస్తుంది, కాస్త పలచగా ఉన్నా.

ఈసారి కొట్టుకెళ్లినప్పుడు ధర కన్నా ముందు చికోరీ ఎంతో అడగండి.