సగిలేటి చెలమలు

నేను కంభం చెరువు కట్ట కింద పుట్టిన పిల్లను. గిద్దలూరుకు కాపురానికొచ్చిన తొలి వేసవిలో మా అత్త బిందె చేతికిచ్చి "ఏటికి పోదాం పా" అంటే, నీళ్ళు పారుతుంటాయనుకున్నాను. వెళ్ళి చూస్తే సగిలేరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒట్టి ఇసుక. ఏడుపొచ్చింది.

అత్త ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా తోడటం మొదలుపెట్టింది. మోచేతి లోతు పోగానే ఇసుక నల్లబడింది, ఇంకో జానెడుకు నీళ్ళు ఊరాయి. కొబ్బరిచిప్పతో ఆ బురదనీళ్ళు మూడుసార్లు తోడి పారబోసి, "ఇవి ఏటివి కాదే అమ్మాయ్, మన చేతుల మట్టివి. ఆగు" అంది. నాలుగోసారి ఊరినవి తేటగా ఉన్నాయి. చిప్పతో బిందె నిండటానికి చాలాసేపు పట్టేది. ఈ వీధి కాపురాల కబుర్లన్నీ నాకు ఆ సేపట్లోనే తెలిశాయి. వచ్చేటప్పుడు కుక్కలు మూతి పెట్టకుండా చెలమ మీద తుమ్మకంప కప్పేవాళ్ళం.

మాది పలకరాయి నేల. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళకు ఆ రాయి తెలుసు. దానిలో నీళ్ళు దాగే చోటు తక్కువ. వానాకాలం నల్లమల నుంచి దిగిన నీళ్ళను ఎండకు అందకుండా దాచేది ఏటి ఇసుకే. ఎంత మందం ఇసుక ఉంటే అంత వేసవి గడిచేది.

అదే నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు మా కంభం దగ్గర విజయనగర కాలంలో వరదరాజమ్మ అడ్డుకట్ట కట్టించిందని చెప్తారు. 2020లో ఆ చెరువుకు అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ గుర్తింపు ఇచ్చింది. గుండ్లకమ్మ తూర్పున సముద్రానికి పోతే, సగిలేరు దక్షిణంగా కడప జిల్లాకు పోయి పెన్నలో కలుస్తుంది. ఆ దిగువన పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. రెండేళ్ళ పాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని రాతిలో చెక్కారు. చెలమ తవ్విన ఆడవాళ్ళ లెక్క ఎక్కడా లేదు. ఏరొచ్చిన ప్రతిసారీ చెలమలు పూడిపోయేవి, మళ్ళీ తవ్వేవాళ్ళు. అన్ని తరాల పనికి ఒక్క గుర్తూ మిగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అన్నీ తీపి సంగతులే అని చెప్పను. మాలపల్లె వాళ్ళ చెలమలు మాకు దిగువన వేరేగా ఉండేవి. ఇసుక ఒకటే, ఊట ఒకటే. మా చెలమలో ముంచితే మైలన్నారు. ఆ పల్లె నుంచి నా ఈడు ఆవిడ మొన్న గుర్తుచేసింది: "మా చెలమ ముందే ఎండేది అక్కా. మీరు పొమ్మంటే ఇంకా కిందికి పోయేవాళ్ళం." ఆ రోజుల్లో నేను ఎదురు చెప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ కలుక్కుమంటుంది.

పండగలకూ ఆ ఏరే. పీర్ల పండగ పదో రోజు పీర్లు ఏటికే వచ్చేవి. వినాయకుడూ అక్కడికే. నీళ్ళు లేని ఏడాది చెలమలోంచి నాలుగు చెంబులు తోడి పోసేవాళ్ళు.

నేనొచ్చేటప్పటికి మాది కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరొచ్చింది. తర్వాత చేతిపంపులు, బోర్లు, ట్యాంకర్లు. ఈ పడమటి ఊళ్ళలో బోరునీళ్ళ ఫ్లోరైడుతో పళ్ళు గారపట్టిన పిల్లల్ని ఎందరినో చూశాను. పూల సుబ్బయ్య పేరున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, కొండలో సొరంగాలు తొలిచారు. కృష్ణ నీళ్ళ కోసం అంత దూరం చూసే రోజుల్లోనే ఇంటిపక్క ఏటి ఇసుకను బండ్లలో, ట్రాక్టర్లలో ఎత్తుకుపోయారు. మా ఇంటి గోడల్లోనూ ఆ ఇసుకే ఉంది.

పోయిన వేసవిలో మనవరాలిని తీసుకుపోయాను. అత్త కూర్చున్న చోటే అనుకుని తవ్వాం. మోచేతి లోతు పోయింది, భుజం లోతు పోయింది. బంకమట్టి తగిలింది. పిల్ల ఆ మట్టిని ముద్దచేసి అరచేతిలో పెట్టుకుని, "తడిగానే ఉంది జేజీ" అంది.