ఆమ్‌స్టర్‌డామ్ సడక్‌లు ఎవరి జాగీరు?

సైకిల్‌కు సడక్ మీద కాస్త జాగా ఇవ్వండని అడిగితే మన హైదరాబాద్‌లో ఒకటే జవాబు: "ఇదేమన్నా ఆమ్‌స్టర్‌డామా భాయ్?" అక్కడి జనం పుట్టుకతోనే సైకిలెక్కినట్టు మాట్లాడతారు. తవారీఖ్ తిరగేస్తే కహానీ వేరే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా జేబుల్లోకి పైసలొచ్చాయి, వీధుల్లోకి కార్లొచ్చాయి. కార్ల కోసం పాత ఇళ్లు కూల్చారు. 1965లో ప్రొవో అనే కుర్రాళ్ల జమాత్ సైకిళ్లకు తెల్లరంగు పూసి, తాళం లేకుండా, ఎవరైనా వాడుకోండని బయట పెట్టింది. పోలీసులు వాటిని జప్తు చేశారు. తాళం వెయ్యకపోవడం జుర్మ్ అట! రెండేళ్లకు జోకినెన్ అనే అమెరికన్ ఒక నక్షా తెచ్చాడు: సింగెల్‌గ్రాఖ్త్ కాలువను పూడ్చి హైవే వెయ్యాలని. అది అమలు కాలేదు, షుకర్.

కార్లు మాత్రం ఆగలేదు. 1971లో ఆ చిన్న ముల్క్‌లో సడక్ ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది పోయారు. అందులో 400 మందికి పైగా బచ్చేలు. వాళ్లలో ఒక ఆరేళ్ల పాప అబ్బా, విక్ లాంగెన్‌హాఫ్, జర్నలిస్టు. మరుసటి ఏడు తన అఖ్బార్‌లో ఆయన రాసిన వ్యాసం పేరు: 'బచ్చేల ఖత్ల్ ఆపండి'. ప్రమాదం అనలేదు, ఖత్ల్ అన్నాడు. ఆ లఫ్జే తహ్రీక్ పేరైంది. మార్త్యె వాన్ పుటెన్ అనే యువతి దానికి మొదటి సదర్. వాళ్లు ప్రమాదాలు జరిగే వీధులు మూసి, బల్లలు పరిచి, ఇరుగుపొరుగు కలిసి దావత్‌లు చేసుకున్నారు. ప్రధాని డెన్ ఔల్ ఇంటి ముందుకు సైకిళ్లపై వెళ్లి పాటలు పాడారు. అంతకుముందే డె పైప్ అనే ఇరుకు బస్తీలో పిల్లలే దస్తఖత్‌లు సేకరించి, ఆడుకోవడానికి తమ గలీని కార్లకు బంద్ చేశారు. కారువాళ్లు వాళ్ల మీదికి గొడవకొచ్చారు.

1973 జంగ్‌లో హాలెండ్ ఇజ్రాయెల్ పక్షాన నిలబడిందని అరబ్ ముల్కులు చమురు ఆపేశాయి. నవంబర్ 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లు బంద్. చమురే అక్కడ సైకిల్‌ను తెచ్చిందని కొందరు రాస్తారు. నాకైతే అది ఆధా సచ్. చమురు తిప్పలు చాలా షహర్లు చూశాయి. తిప్పలు తీరగానే మళ్లీ కారెక్కాయి. ఇక్కడ అమ్మీ అబ్బాలు అప్పటికే సడక్ మీదికొచ్చి ఉన్నారు. 1975లో సైకిలిస్టుల యూనియన్ కూడా పుట్టింది. నేటికీ దాని వాలంటీర్లు ఫీజు లేకుండా దారులు తిరిగి చూసి సైకిల్ నక్షాలు సరిదిద్దుతారు. దీన్నే కదా మనం ఖిద్మత్ అంటాం.

అయితే ఆ సడక్ అందరిదీ ఒకేసారి కాలేదు. 1960ల నుంచి తుర్కీ, మొరాకో మజ్దూర్లు వచ్చారు, తర్వాత వాళ్ల కుటుంబాలూ వచ్చాయి. ఆ ఔరతుల్లో చాలామంది చిన్నప్పుడు సైకిల్ ముట్టినవాళ్లు కారు. వాళ్లకు నేర్పే పని బస్తీ కేంద్రాల్లో వాలంటీర్లు ఎత్తుకున్నారు. అగాథా అనే ఘనా దేశపు ఆమె వలస వచ్చిన ఆడవాళ్లకు ఎలా నేర్పుతుందో ఫాదీ హిందాష్ 2015లో చిన్న డాక్యుమెంటరీ తీశాడు.

అది చదువుతుంటే మా మొహల్లా కిరాయి సైకిల్ దుకాణం యాదికొచ్చింది. దాని ముందు లైన్ కట్టేది మేం మగపిల్లలమే. ఆపా గుమ్మంలో నిలబడి చూసేది. ఇప్పటికీ ఆమెకు సైకిల్ రాదు.