స్లాగ్ వెలుగులో దల్మా కొండ

జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో పెరిగిన పాత తరానికి ఒక వెలుగు బాగా గుర్తు. రాత్రిపూట ఉక్కు కంపెనీ వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడేది. కాసేపు అలా మండి, మెల్లగా నల్లబడేది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన స్లాగ్‌ను తెచ్చి గట్టు మీంచి ఒంపితే వచ్చే వెలుగు అది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఉక్కు పనికి వచ్చిన మనవాళ్ళకు ఆ దృశ్యం కొత్తే కానీ పదార్థం కొత్తది కాదు. ఊళ్ళో కమ్మరి కొలిమి పక్కన పడి ఉండే చిట్టెం దానికి చుట్టమే.

ఊరికి ఉత్తరాన, సువర్ణరేఖ అవతల, దల్మా కొండ కనిపిస్తుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తు. అందరికీ అది ఏనుగుల అడవిగానే తెలుసు. ఆ కొండ రాయి కూడా ఒకప్పుడు ఇలాగే ఎర్రగా పారింది. సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందటి మాట.

జంషెడ్‌పూర్ చరిత్ర చెప్పేటప్పుడు ఇనుప ఖనిజంతో మొదలుపెడతాం. 1904లో భూవిజ్ఞాని పి.ఎన్. బోస్ మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని ఖనిజం గురించి జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. 1907 చివర్లో కార్ఖానాకు చోటు వెతుకుతూ వెల్డ్, శ్రీనివాసరావు నదుల కూడలి దగ్గర సాక్చి గ్రామాన్ని చూశారు. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. ఈ కథలో దల్మాకు చోటు దక్కలేదు. అయినా కొండను గమనించినవాళ్ళు అంతకుముందే ఉన్నారు. జియలాజికల్ సర్వే ఉద్యోగి వాలెంటైన్ బాల్ మాన్‌భూమ్, సింగ్‌భూమ్ అడవులన్నీ తిరిగి, 1881లో ఈ ప్రాంతపు భూవిజ్ఞానంపై నివేదిక వెలువరించాడు. 1942లో డన్, డే కలిసి తూర్పు సింగ్‌భూమ్ రాళ్ళ మీద పెద్ద గ్రంథమే తెచ్చారు. దల్మా రాయి లావా అన్న సంగతి అలా పుస్తకాల్లోకి ఎక్కింది. బడి పాఠాల్లోకి మాత్రం ఇంకా సరిగా దిగలేదు.

లావా ఎక్కడి నుంచి వచ్చింది? భూమి లోపలంతా కరిగిన ద్రవమే ఉంటుందని చాలామంది నమ్మకం. అది తప్పు. మన కాళ్ళ కింద వంద కిలోమీటర్ల లోతున వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, అయినా అక్కడి రాయి గట్టిగానే ఉంటుంది. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఆ రాయి ఏ కారణంగానైనా పైకి జరిగితే ఒత్తిడి తగ్గుతుంది. వేడి పెరగకుండానే అందులో కొంత భాగం కరుగుతుంది. అదే మాగ్మా. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి పగుళ్ళు వెతుక్కుంటూ ఎగబాకుతుంది. ఇంకో దారి కూడా ఉంది. సముద్రపు అడుగు పలక మరో పలక కిందికి దూరినప్పుడు తనతో నీరు తీసుకుపోతుంది. ఆ నీరు వేడి రాయి కరిగే స్థాయిని దించేస్తుంది. అండమాన్ సముద్రంలో బ్యారెన్ ద్వీపం అగ్నిపర్వతం అలా పుట్టిందే. నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ రగిలింది.

పైకి వచ్చాక అది పారుతుందా పేలుతుందా అన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: లోపలి వాయువు, పాకం చిక్కదనం. గోళీసోడాలో గోళీని నొక్కిన క్షణం తలచుకోండి. అంతవరకూ కనిపించని గ్యాస్ ఒక్కసారి బుడగలై పొంగుతుంది. లోతున మాగ్మాలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అలాగే కరిగి ఉంటాయి. ఒత్తిడి తగ్గితే బుడగలు కడతాయి. సిలికా సగం మాత్రమే ఉన్న బసాల్ట్ పలచని పాకం లాంటిది, బుడగలు తేలిగ్గా తప్పుకుంటాయి, లావా పారుతుంది. సిలికా డెబ్బై శాతం దాకా ఉంటే ముదురుపాకమే. బుడగకు దారి దొరకదు. ఒత్తిడి పెరిగి పెరిగి మొత్తం ఛిన్నాభిన్నమై బూడిదై లేస్తుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు ఆ చప్పుడు దాదాపు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ ద్వీపంలో వినిపించింది.

దల్మాది చాలావరకు పలచని పాకమే. నేల చీలి, నీరు చేరిన పల్లంలోకి లావా వచ్చింది. నీటి అడుగున వచ్చిన లావా పైపొర వెంటనే బిగుసుకుని దిండ్లలా గుండ్రని ముద్దలు కడుతుంది. అలాంటి దిండు లావాలు దల్మా వరసలో దొరికాయి. నడుమ నడుమ పేలుళ్ళు విసిరిన రాతిముక్కల పొరలూ ఉన్నాయి. కాబట్టి కొండ కొమ్మున బిలం కోసం వెతకకండి. ఇది ఒకే అగ్నిపర్వతం కాదు, సుమారు 200 కిలోమీటర్ల పొడవున సాగిన లావా పట్టీ. తరవాత నేల నలిగి మడతలు పడింది. మడత అడుగుకు చేరిన లావా పక్కన ఉన్న మెత్తని రాళ్ళు అరిగిపోయాయి. గట్టి రాయి మిగిలింది. ఒకనాటి పల్లమే నేడు కొండ. నాకు ఈ ఒక్క సంగతి చాలు, దల్మాను ఎంతసేపైనా చూస్తూ కూర్చోవడానికి.

ఇక స్లాగ్ దగ్గరికి వద్దాం, ఒక పాత వాదం మీదుగా. రాయి నిప్పులోంచి పుడుతుందా నీటిలోంచి పుడుతుందా అని పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్‌లో పెద్ద వాదం నడిచింది. బసాల్ట్ సముద్రంలో పేరుకున్నదని జర్మనీలో వెర్నర్ బోధించాడు. కాదు, కరిగి చల్లారిందని ఎడిన్‌బరోలో జేమ్స్ హట్టన్. కరిగించి చల్లారిస్తే గాజు వస్తుంది కానీ పలుకులున్న రాయి ఎలా వస్తుందని ఎదుటివాళ్ళు అడిగారు. హట్టన్ మిత్రుడు సర్ జేమ్స్ హాల్‌కు జవాబు ఒక గాజు కార్ఖానాలో దొరికింది. అక్కడ పొరపాటున నెమ్మదిగా చల్లారిన గాజు తెల్లని రాయిలా మారింది. హాల్ నల్లరాయిని ఇనుప ఫౌండ్రీ కొలిమిలో కరిగించాడు. తొందరగా చల్లారిస్తే గాజు. నిదానంగా చల్లారిస్తే మళ్ళీ రాయి. చిన్న కొలిమి చూసి భూమి సంగతి తేల్చడం హట్టన్‌కు నచ్చదని తెలిసి, ఆయన కన్నుమూశాకే 1798లో ఫలితాలను పండితుల సభ ముందుంచాడు.

ఆ ప్రయోగం జంషెడ్‌పూర్‌లో రోజూ జరుగుతోంది. మరుగుతున్న స్లాగ్ మీద నీళ్ళు చిమ్మితే ఇసుక లాంటి గాజు పలుకులవుతాయి. గుంటలో పోసి వదిలేస్తే గట్టి రాయవుతుంది. స్లాగ్‌లో సున్నం చాలా ఎక్కువ, అందువల్ల అది అచ్చంగా బసాల్ట్ కాదు. సూత్రం మాత్రం ఒకటే. పటికబెల్లం చేసేవాళ్ళకు ఇది తెలుసు: తొందరపడితే పెద్ద పలుకు రాదు. లోతున వేల, లక్షల ఏళ్ళు తీసుకుని చల్లారిన మాగ్మా గ్రానైట్ అవుతుంది, హైదరాబాద్ బండల్లో పలుకులు కంటికి కనిపించేది అందుకే. బయటికి పొంగి త్వరగా ఆరిపోతే సన్నని పలుకుల నల్లరాయి, అంటే బసాల్ట్. ఫర్నేస్‌లో ఇనుము అడుగుకు, తేలికైన రాతిద్రవం పైకి చేరినట్టే భూమి కూడా పుట్టిన కొత్తలో తన ఇనుమును నడిబొడ్డుకు దించుకుంది.

గోదావరి జిల్లాల వాళ్ళకూ ఈ కథలో వాటా ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు పొంగిన దక్కన్ లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి రాజమండ్రి దాకా వచ్చిందని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. కాటేరులో, అవతలి ఒడ్డున గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో ఆ నల్లరాయే తవ్వుతున్నారు. దల్మాతో పోలిస్తే అది నిన్నటి రాయి.

సెలవులకు ఊరి నుంచి మనవలు వస్తే దల్మాకు తీసుకెళ్ళండి. ఏనుగు కనబడకపోవచ్చు. రాయి మాత్రం ఎక్కడికీ పోదు. దాని మీద చెయ్యి పెట్టించి, ఇది ఒకప్పుడు పారిందని చెప్పండి.