బొమ్మ పక్కన పేరు: భర్హుత్ శిల్పాలు చెప్పే పాఠం

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో భర్హుత్ స్తూపం తాలూకు రాతి ప్రాకార భాగాలు, తూర్పు తోరణం భద్రంగా ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని సత్నా జిల్లాకు చెందిన ఈ శిథిలాలను 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ గుర్తించి, తవ్వకాలు జరిపించి, దొరికిన శిల్పాలలో అధిక భాగాన్ని కలకత్తాకు చేర్పించాడు. క్రీ.పూ. 2వ శతాబ్ది నాటి ఈ శిల్పాలకు ఒక విశిష్టత ఉన్నది. పెక్కు బొమ్మల పక్కన, అవి ఎవరివో, ఏ కథకు సంబంధించినవో తెలిపే చిన్న ప్రాకృత వాక్యాలు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి.

ఈ వాక్యాల నిర్మాణం గమనింపదగినది. 'కుపిరో యఖో', 'సిరిమా దేవతా', 'చకవాకో నాగరాజా' అన్నప్పుడు వ్యక్తి పేరు, ఆ వ్యక్తి చెందిన వర్గం రెండూ ఒకేచోట కనిపిస్తాయి. 'చక్రవాకం' అనగానే మన కావ్యపాఠకునికి స్ఫురించేది పక్షి. పక్కన 'నాగరాజు' అన్న ఒక్క మాట ఆ సందేహాన్ని తొలగిస్తున్నది.

చిత్రాలను కంప్యూటర్‌లో భద్రపరచి, వెతకడానికి వీలుగా సూచక పదాలు, అంటే ట్యాగులు, జోడించే నేటి ఉద్యోగి ఎదుర్కొనే సమస్య కూడా ఇదే. సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 2014లో ప్రారంభించిన మ్యూజియంల జాతీయ పోర్టల్‌లో ఇండియన్ మ్యూజియం కూడా చేరింది. వేలాది చిత్రాలు ఒకచోట చేరినప్పుడు, పేరు స్పష్టంగా లేని చిత్రం ఉండీ లేనట్లే.

కృష్ణాతీరంలోని అమరావతి స్తూప చరిత్ర దీనికి నిదర్శనం. అక్కడి శాసనాలలో అధికం దాతల వివరాలే. బొమ్మలకు పేర్లు అరుదు. అందువల్ల చూసినవారు తమకు తోచిన పేర్లు పెట్టారు. స్థానికులకు అది దీపాలదిన్నె. 1816లో కాలిన్ మెకంజీ అక్కడ సర్వే జరిపించి చిత్రాలు గీయించాడు. కొన్ని శిల్పాలు కలకత్తాకూ చేరాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలు 'ఎలియట్ మార్బుల్స్' అన్న పేరుతో ప్రసిద్ధికెక్కాయి. నిజానికి ఆ రాయి చలువరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. సేకర్త పేరు నిలిచింది, రాతి పేరు తప్పింది, ఊరి పేరు మరుగున పడింది.

అర్థనిర్ణయంలోనూ ఇదే చిక్కు. లండన్ చేరిన ఆ శిల్పాలను, సాంచీ శిల్పాలను కలిపి జేమ్స్ ఫెర్గుసన్ 1868లో 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్' అన్న పేరుతో ప్రచురించాడు. చెట్టు కింద ఆసనం, చుట్టూ భక్తులు ఉన్న దృశ్యాలను ఆయన వృక్షపూజగా భావించాడు. భర్హుత్‌లో అటువంటి దృశ్యం వద్ద అది శాక్యముని భగవానుని బోధి అని శిల్పకాలం నాటి వాక్యమే తెలుపుతున్నది. కన్నింగ్‌హామ్ 1879లో తన గ్రంథంలో దానిని ప్రకటించాడు.

దీనినిబట్టి కొన్ని సూత్రాలు ఏర్పడతాయి. కంటికి కనిపించేది ఒక ట్యాగు, దానికి పండితులు చెప్పే అర్థం వేరొక ట్యాగు కావాలి. చెట్టు, ఆసనం, భక్తులు అన్న మాటలు ఎన్నటికీ మారవు, వ్యాఖ్యానం మారవచ్చు. దొరికిన చోటు, ఇప్పుడున్న చోటు, సేకర్త పేరు వేర్వేరుగా నమోదు కావాలి. 'అమరావతి' అని మాత్రమే రాస్తే మహారాష్ట్రలోని అమరావతి కూడా అందులో కలుస్తుంది. జిల్లా పేరు చేర్చితే సంవత్సరం కూడా చేర్చాలి. మన అమరావతి గుంటూరు జిల్లా నుండి 2022లో పల్నాడు జిల్లాకు మారింది. ఒకే పేరును ప్రధానంగా స్వీకరించి, దీపాలదిన్నె వంటి పాత పేర్లను దానికి అనుసంధించాలి. వాటిని తొలగిస్తే పాత పత్రాలకు దారి మూసుకుపోతుంది.

అమరావతి శిల్పాలు నేడు లండన్, చెన్నై, కోల్‌కతా, అమరావతి మొదలైన చోట్ల చెదిరి ఉన్నాయి. రాళ్లను తిరిగి ఒకచోట చేర్చడం సులభసాధ్యం కాదు. అన్ని సంస్థలూ సమానమైన, సందిగ్ధత లేని పేర్లను పాటిస్తే, వాటి చిత్రాలైనా తెలుగు విద్యార్థి ముందు ఒకే వరుసలో నిలుస్తాయి. భర్హుత్ శిల్పి రెండు మాటలలో చూపిన జాగ్రత్త మన కార్యాలయాలకు అసాధ్యం కారాదు.