పాత కారు, కొత్త మెదడు

జీవితమంతా ఛందస్సు, వ్యాకరణం చెప్పినవాడికి మోటారు ఇంజన్లతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. మిషిగన్‌లో మా అబ్బాయి ఇంట నాలుగు నెలలు గడపవలసి రావడమే ఇందుకు కారణం.

వాడి దగ్గర 1990 నాటి మజ్దా మియాటా ఒకటి ఉంది. ఇతర దేశాలలో దానిని ఎమ్ఎక్స్-5 అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలిసారి కనిపించిన రెండు సీట్ల బండి. ఇంజను 1,597 సీసీ. ముందటి యజమాని దానికి టర్బో బిగించి, అసలు కంప్యూటరుకూ ఇంజనుకూ నడుమ ఒక చిన్న పెట్టె తగిలించి అమ్మాడు. నేను వెళ్లిన రెండో వారంలోనే మూడో సిలిండరు పిస్టన్ కరిగి చిల్లు పడింది. కోడలు అమ్మేయమంది, వాడు ససేమిరా అన్నాడు. ఇంజను బాగుచేయించడం ఒక ఎత్తు, ఇకమీదట దానిని ఏ మెదడుకు అప్పగించాలన్నది మరొక ఎత్తు. ఆ మీమాంస వింటూ నేను తెలుసుకున్న చరిత్ర ఇది.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. కనుక ఈ శాస్త్రమంతా గాలిని తూచే శాస్త్రమే. కార్బ్యురేటర్ ఆ పనిని ఉజ్జాయింపుగా చేసేది. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లో యాంత్రికమైన పంపు పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మింది. విద్యుత్ మెదడును తొలుత ఊహించినది అమెరికాలోని బెండిక్స్ సంస్థ. 1957లో అది ప్రకటించిన ఎలక్ట్రోజెక్టర్ కాలానికంటె ముందు పుట్టిన బిడ్డ. క్రైస్లర్ అమ్మిన కొద్దిపాటి కార్లలోనూ చాలావాటికి తిరిగి కార్బ్యురేటర్లే బిగించవలసి వచ్చింది. దాని పేటెంట్లు జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి.

1967లో బాష్ వారి డి-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్ 1600లో వచ్చింది. కాలిఫోర్నియా పొగ నిబంధనలే దానికి ప్రేరణ. అది గాలిని తూచదు. ఇంజను పీల్చే గొట్టంలోని పీడనాన్ని చూసి, గాలి ఇంత వచ్చి ఉండాలని అనుమిస్తుంది. ఇంజను అరిగినా, మార్చినా ఆ అనుమానం తప్పుతుంది. అందుకే 1973లో ఎల్-జెట్రానిక్ వచ్చింది. గాలి దారిలో ఒక రెక్క, గాలి నెట్టినకొద్దీ అది తెరుచుకుంటుంది, ప్రత్యక్ష ప్రమాణమన్నమాట. 1976లో వోల్వో పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టింది. 1979లో బీఎమ్‌డబ్ల్యూ 732ఐలో మోట్రానిక్ ఇంధనాన్నీ నిప్పురవ్వనూ ఒకే డిజిటల్ పెట్టె ఏలుబడిలోకి తెచ్చింది. ఆ పెట్టెలోని అంకెలు మాత్రం తయారీదారుకే తెలుసు.

మా వాడి కారులో ఉన్నదీ రెక్కే. రెక్క పూర్తిగా తెరుచుకున్నాక ఇంకెంత గాలి వచ్చినా అది చెప్పజాలదు. టర్బో అదనంగా కుక్కిన గాలి సంగతి అసలు కంప్యూటరుకు తెలియదు. నడుమనున్న పెట్టె దానికి వచ్చే సంకేతాన్ని కొంచెం మార్చి మోసగిస్తుందే తప్ప, తానుగా ఏదీ తూచదు. మాబోటివాళ్ల భాషలో చెప్పాలంటే, మూలగ్రంథం ముట్టుకోకుండా అంచున రాసిన టిప్పణి. మూలంలోనే లేని అర్థాన్ని టిప్పణి ఎంతవరకు పూరించగలదు? పెట్రోలు చాలక, వేడి పెరిగి, పిస్టన్ కరిగింది.

మూలాన్నే తిరిగి రాసుకునే సౌకర్యం 1980లలో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. హాల్‌టెక్, మోటెక్ అక్కడివే. పందెపు కార్లవాళ్లు కొన్నారు. సామాన్యుడికి ధర బరువు. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మెగాస్క్వర్ట్‌ను రూపొందించారు. విడిభాగాలు తెప్పించుకుని కొన్నవాడే టంకం పెట్టుకోవాలి. తొలి రూపం ఇంధనాన్ని మాత్రమే చూసేది. దాని పట్టిక ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువులు. అరవై నాలుగు గళ్ల చదరంగం! చరిత్రలో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపిన ఘట్టం అదే. తాళం వేసిన పెట్టెలోని అంకెలు మామూలువాడి బల్లమీదికి వచ్చాయి.

ఇక ఎంపిక. రెక్క తీసివేయాలన్నాడు మా వాడు. మరి గాలి లెక్క ఎలా? పీడనమూ, గాలి ఉష్ణోగ్రతా, ఇంజను వేగమూ చూసి అనుమించడమే. అంటే తిరిగి తిరిగి 1967 దారికే! భేదమల్లా పట్టిక ఇప్పుడు యజమాని చేతిలో ఉండటమే. ఇంజను మారితే పట్టికా మార్చవచ్చు. కాని మార్చడం తెలిసినవాడు కావాలి. కాబట్టి వాడు పెట్టె ధరకంటె ముందు రెండు విచారించాడు: తమ ఊళ్లో ఇంజను పట్టిక దిద్దేవాడికి ఏ పెట్టె పరిచయం, పాత తీగల కనెక్టరులో కోయకుండా ఏది ఇముడుతుంది. లక్షణాల జాబితాలో మెరిసే ఖరీదైన పెట్టె ఒకటి ఆ పరీక్షలోనే వీగిపోయింది. మిశ్రమం నిష్పత్తిని అంకెలలో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కు మాత్రం బేరమాడలేదు. పాత సెన్సర్ 14.7కు అటో ఇటో చెబుతుంది, ఎంత దూరమో సరిగా చెప్పలేదు. కాలిఫోర్నియాలో ఉంటే కథ వేరు. అక్కడ 1976, ఆ తరువాతి నమూనాల పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉంది. ఆమోదం లేని పెట్టె చెల్లదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను పుట్టించిన నిబంధనలే దానిని దిద్దుకునేవాడి చేయి పట్టుకున్నాయి.

నేను తిరిగి వచ్చేనాటికి ఇంజను బిగించారు. పట్టికలో మెల్లగా నడిచే వేగాల గళ్లు నిండాయి. టర్బో ఊదే పైవరుసలలో ముందుజాగ్రత్తకు పెట్రోలు ఎక్కువగానే ఉంచారు. మజ్దావారి పాత పెట్టెను పారేయలేదు. కోడలు దానిని ఒక మెత్తటి గుడ్డలో చుట్టి గ్యారేజీ అలమరలో భద్రపరిచింది.