రేషన్ కార్డు తీసేసింది ఆఫీసరా? కంప్యూటరా?.. డేటాబేస్, ఏఐ, సైబర్ సెక్యూరిటీ అంటే ఏంటో సింపుల్‌గా

సిద్దిపేట: రేషన్ షాపుకెళ్లి మిషన్ మీద వేలు పెడతాం. పేరు వస్తుంది, ఎన్ని కిలోలో వస్తుంది, డీలర్ బియ్యం జోకి ఇస్తాడు. అంతా అర నిమిషం పని. మరి ఒక నెల పేరే రాకపోతే? "ఆన్‌లైన్‌లో డిలీట్ అయింది" అని డీలర్ చెప్తే? 2016 తర్వాత తెలంగాణలో చాలా కుటుంబాలకు ఇదే జరిగింది. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఏఐ, సెక్యూరిటీ అనే మూడు పెద్ద మాటలు అర్థం కావాలంటే ఈ ఒక్క కథ చాలు.

డేటాబేస్ అంటే?

ఒక పెద్ద రిజిస్టర్ అనుకోండి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస, పేరు, అడ్రస్, వయసు ఒక్కో గడిలో. సివిల్ సప్లైస్‌కు ఒక రిజిస్టర్, ఆర్టీఏకు ఒకటి, కరెంట్ ఆఫీసుకు ఒకటి. ఈ రిజిస్టర్, దాన్ని నింపే ఉద్యోగి, మీసేవ కౌంటర్, షాపులో ఈ-పాస్ మిషన్, ఏం చేయాలో చెప్పే రూల్స్... అన్నీ కలిస్తేనే ఇన్ఫర్మేషన్ సిస్టమ్. అంటే మనిషి కూడా అందులో భాగమే. టైప్ చేసినప్పుడు ఒక అక్షరం తప్పు పడితే సిస్టమ్ మొత్తానికీ ఆ తప్పే నిజం.

ఏఐ ఎక్కడొచ్చింది?

ఈ రిజిస్టర్లను ఒకదానితో ఒకటి కలపడానికి రాష్ట్రం 'సమగ్ర వేదిక' తెచ్చింది. పేరు, అడ్రస్ ఆధారంగా సుమారు 25 ప్రభుత్వ డేటాసెట్లను ఇది కలుపుతుందని కేంద్రం 2018-19 ఆర్థిక సర్వేలో మెచ్చుకుంటూ రాసింది. ఆస్తులు, పన్నులు, సబ్సిడీలు, చదువు, చివరికి నేరాల వివరాలు కూడా ఇందులో ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే. కొమురవెల్లి మల్లన్న ఉన్న జిల్లా మనది. ఊరికో పది మంది మల్లయ్యలు, మల్లేశంలు ఉంటారు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక ఆఫీసులో ఒక స్పెల్లింగ్, ఇంకో ఆఫీసులో ఇంకోటి. ఇంటి నంబర్లు కూడా మారిపోతుంటాయి. ఆర్టీఏ లిస్టులో కారున్న మల్లయ్య, రేషన్ లిస్టులో కూలి చేసుకునే మల్లయ్య ఒక్కరేనా? కంప్యూటర్ అవుననో కాదనో కచ్చితంగా చెప్పలేదు. పోలికలు చూసి "ఇంత శాతం ఒక్కరే కావచ్చు" అని అంచనా వేస్తుంది. ఎన్ని శాతం దాటితే ఒక్కరే అనుకోవాలన్న గీత మాత్రం మనుషులే గీస్తారు. గీత కిందికి దించితే అనర్హులు ఎక్కువ దొరుకుతారు, వాళ్లతో పాటు అర్హులూ ఎగిరిపోతారు. ఇలా తప్పుగా పట్టుకోవడాన్నే టెక్నికల్‌గా 'ఫాల్స్ పాజిటివ్' అంటారు.

ఇది ఊహ కాదు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక కుటుంబానికి కారుందని రికార్డుల్లో పడింది. ఆ కారు పేరు కలిసిన వేరే ఆయనది. కార్డు మాత్రం వీళ్లది పోయింది. నోటీసులు కూడా ఇవ్వకుండా కార్డులు తీసేశారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ చెక్ చేయాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. నిజానికి ఆ పని రద్దుకు ముందే జరగాలి కదా!

సెక్యూరిటీ అంటే హ్యాకర్ ఒక్కడేనా?

కాదు. సెక్యూరిటీకి మూడు కాళ్లు. మీ వివరాలు వేరేవాళ్లకు కనపడకూడదు, తప్పుగా మారకూడదు, అవసరమైనప్పుడు అందాలి. సర్వర్ డౌన్ అయి బియ్యం రాకపోతే మూడో కాలు విరిగినట్టు. మీది కాని కారు మీ పేరున చేరితే రెండోది.

మొదటి కాలు విరిగిన కేసు మన పక్కనే ఉంది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకరు 2018 జూన్‌లో అరెస్టయ్యారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి డాక్యుమెంట్లు డౌన్‌లోడ్ చేసి, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేశాడు. వాటితో ఆధార్ వెరిఫికేషన్ దాటించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. అదీ సేల్స్ టార్గెట్ కోసం! పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. పోలీసుల డేటా కూడా దీనికి అతీతం కాదు. 2024లో 'హాక్ ఐ' యాప్ నుంచి జనం వివరాలు లీకై, ఒక స్టూడెంట్ అరెస్టయ్యాడు.

మీరు చేయగలిగింది

ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఫ్రీగా పెట్టుకోవచ్చు. కానీ లాక్ ఉంటే రేషన్ మిషన్‌లోనూ వేలిముద్ర పడదు, వెళ్లేముందు అన్‌లాక్ చేయాలి. వాట్సాప్‌లో రేషన్ కార్డు స్టేటస్ అనో, పెళ్లి కార్డు అనో ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దు. డబ్బులు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి, ఎంత లేటైతే డబ్బు అన్ని అకౌంట్లు మారుతుంది. కార్డు కట్ అయితే మాత్రం "కంప్యూటర్‌లో అట్లుంది" అన్న మాటతో వెనక్కి రావద్దు. ఏ రికార్డు చూసి తీసేశారో రాసివ్వమని అడగండి. తహసీల్దార్ ఆఫీసులో పని కాకపోతే దుద్దెడలోని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. దరఖాస్తుతో పాటు పాత కార్డు, ఆధార్ జిరాక్స్ తీసుకెళ్లండి, రసీదు అడిగి తీసుకోండి.