కాలవ కట్టేసిన నెలల్లో

రండర్రా, ఇలా కూర్చోండి. మంటకి మరీ దగ్గరగా వద్దు, పొగ కళ్ళల్లో కొడుతుంది. సంక్రాంతి ఇంకా వెళ్ళనేలేదు, అప్పుడే వేసవి సెలవులకి ఏం చేయాలని అడుగుతున్నారు. మా చిన్నప్పుడు ఆ సెలవులు ఎలా గడిచేవో చెబుతాను. విని, మీరేం చేయాలో మీరే అనుకోండి.

తెనాలి తాలూకా మనది. కృష్ణ కాలవ నీళ్ళ మీద బతికే ఊరు. ధనుర్మాసంలో కోతలూ కుప్పనూర్పిళ్ళూ అయిపోయేవి. మాగాణిలో చల్లిన మినుములూ పెసలూ ఫాల్గుణానికి ఇల్లు చేరేవి. ఉగాది దాటాక బెజవాడ దగ్గర కాలవలకి నీళ్ళు ఆపేసేవాళ్ళు. కాలవ కట్టేశారు అంటే ఊరికి ఎండాకాలం వచ్చినట్టే. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా పొలం పని పెద్దగా ఉండదు. పెంట తోలుకోవడం, ఇల్లు కప్పుకోవడం, అదీ పొద్దున చల్లపూట కాసేపు. తర్వాత మనుషులంతా నీడ వెతుక్కునేవాళ్ళు. బడికీ సెలవులే. ఊరు ఊరంతా తీరిగ్గా ఉండే కాలం ఏడాదిలో అదొక్కటే. మా లైబ్రరీకి అసలైన పని కూడా ఆ నెలల్లోనే.

లైబ్రరీ అంటే మీరు చూసే మేడ లాంటిది కాదు. చావిడి పక్కన పెంకుటిల్లు, ఒక గది, ముందు వసారా, రెండు చెక్క బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. అంతే. మా నాన్న తరంవాళ్ళు కట్టుకున్నారు దాన్ని. వంట చేసే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్ళు. నెలకోసారి కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి అమ్మితే పుస్తకాలొచ్చేవి. ఊళ్ళో పెళ్ళి జరిగితే గుడికిచ్చినట్టే లైబ్రరీకీ కట్నం చదివించేవాళ్ళు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ కూడా ఆ పిడికెడు బియ్యం ఏ రోజూ తప్పనివ్వలేదు. ఆవిడ తీసిన బియ్యంతో కొన్న పుస్తకాలు ఆవిడకి మేమే చదివి వినిపించాం.

మా చుట్టుపక్కల పుస్తకం మీద ఆ ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారని ఉండేవారు. ఆయన సేవాశ్రమ వాణీమందిరం అని గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో జనం ప్రయాణాలు కాలవ పడవల మీదే. పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా పడవ మెల్లిగా సాగుతుంటే జనం ఊరికే కూర్చుని ఉంటారు కదా, వాళ్ళ చేతికి పుస్తకం ఇద్దాం అనుకున్నారాయన. 1935లో ఆ పడవల్లో పుస్తకాల పెట్టె పెట్టించారు. మా నాన్న ఆ పడవ ఎక్కినవాడే. చదువు రానివాళ్ళ కోసం పక్కవాడు పైకి చదివేవాడట. రేవు వచ్చినా కథ అయిపోలేదని తర్వాతి రేవు దాకా వెళ్ళి నడుచుకుంటూ వెనక్కి వచ్చినవాళ్ళున్నారని చెప్పేవాడు.

నేను చెప్పేది అటు తర్వాత ఇరవై ఏళ్ళ నాటి మాట. మా లైబ్రరీ చూసేది ఊరి బడి పంతులే. అందరం మాస్టారు అనేవాళ్ళం. సెలవులిచ్చిన మర్నాడే మమ్మల్నందర్నీ పిలిచి వసారా ముందు తాటాకు పందిరి వేయించేవారు. పందిరి కింద ఇసుక పోసి, దాని మీద కుండలు పెట్టి చలివేంద్రం. రోడ్డున పోయేవాళ్ళకి మంచినీళ్ళు పోయడం పిల్లల పని.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ పుస్తకాల పని. బీరువాలోంచి ఒక్కో అరా దించి, దుమ్ము దులిపి, నీడపట్టున గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కిపోతుందని మాస్టారు పెట్టనిచ్చేవారు కాదు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు అరల్లో చల్లేవాళ్ళం. కుట్లు ఊడిన పుస్తకాలకి దారంతో కుట్టు వేసి, మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో అట్ట అంటించేవాళ్ళం. ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలిపేవారు, పురుగు రాకుండా. అది విషం కాబట్టి మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, ఆయనే కలిపేవారు. చేత్తో కుట్టిన పుస్తకాన్ని ఏ పిల్లాడూ చింపడు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో మాకు రిజిస్టరు చూడకుండానే తెలిసేది.

మధ్యాహ్నం వడగాడ్పు మొదలయ్యేది. అందరం గదిలో చేరేవాళ్ళం. చందమామ కొత్త సంచిక వస్తే ఒక్కటే ప్రతి, చదవాలనుకునేవాళ్ళు పాతికమంది. అందుకని ఒకళ్ళు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఒక్కో పేజీకి ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు. తడబడితే ఎవరూ నవ్వకూడదని మాస్టారి కట్టడి. ఆ తర్వాత పద్యాల పోటీ. వేమన, సుమతి, భాస్కర శతకం, దాశరథి శతకం, ఏదైనా సరే, ఎదుటివాళ్ళు ఆపిన అక్షరంతో ఎత్తుకోవాలి. నేను ఇప్పటికీ తడుముకోకుండా చెప్పే పద్యాలన్నీ ఆ గదిలో పట్టినవే.

పొద్దువాలాక పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. పందిరి కింద పెట్రోమాక్స్ లైటు వెలిగించి పత్రిక చదవడం. ఆంధ్రపత్రికో ఆంధ్రప్రభో, ఏది అందితే అది. ఒకరు చదువుతుంటే యాభైమంది వినేవాళ్ళు. 1955 డిసెంబరులో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు కదా, ఆ మరుసటి వేసవిలో దాని వార్త వస్తే చాలు, రైతులు మళ్ళీ మళ్ళీ చదివించుకునేవాళ్ళు. పైన అంత డ్యామ్ కడితే మన కాలవకి నీళ్ళు తగ్గుతాయా పెరుగుతాయా అని రాత్రి దాకా వాదన. మాస్టారు నేల మీద సుద్దముక్కతో కృష్ణ గీసి, బెజవాడ ఎక్కడ, డ్యామ్ కట్టే నందికొండ ఎక్కడ అని చూపించారు. పటం చూడటం మా ఊరి రైతులు నేర్చుకున్నది ఆ రాత్రే.

పత్రిక అయ్యాక రాత్రిబడి. పగలంతా పనిచేసి వచ్చిన పాలేర్లు, కూలీలు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నాలాంటి పెద్దపిల్లలం తలా ఇద్దరికి అక్షరాలు దిద్దించాలి. నా వంతుకి వచ్చినవాళ్ళలో ఒక పాలేరు ఉండేవాడు, మా నాన్న కంటే పెద్ద. నేను ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయిగారూ అనేవాడు. మొరటు చేతులకి బలపం ఆనేది కాదు. అయినా రెండు వేసవుల్లో కూడబలుక్కుని చదవడం పట్టుబడింది. ఓసారి అప్పు తెచ్చుకోవడానికి వెళ్తే నోటు మీద వేలిముద్ర వేయమన్నారట. ఉండండి, చదువుకుంటాను అన్నాడట. చదివితే చెప్పిన వడ్డీ ఒకటి, రాసిన వడ్డీ ఒకటి. అది దిద్దించుకుని, వేలిముద్ర మానేసి సంతకం చేసి వచ్చాడు. ఆ రాత్రి పందిరి కిందకి వచ్చి ఈ సంగతి అందరికీ ఆయనే చెప్పాడు. మర్నాటి నుంచి రాత్రిబడికి పలకలు చాల్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, తీపి కబుర్లే చెబితే అబద్ధమవుతుంది. మొదట్లో మాలపల్లె నుంచి వచ్చే పిల్లలు పందిరి బయట నిలబడి వినేవాళ్ళు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మాస్టారు ఓ సాయంత్రం తన కుర్చీ తీసి గదిలో పెట్టేసి, పొడుగాటి చాప ఒక్కటే పరిచి, ఆ పిల్లల్ని పిలిచి వాళ్ళ మధ్యన కూర్చున్నారు. చలివేంద్రంలో నీళ్ళు పోసే వంతు కూడా అన్ని ఇళ్ళ పిల్లలకీ వేశారు. ఊళ్ళో ఒకాయన లైబ్రరీకి ఇచ్చే చందా ఆపేశాడు. కొందరు దారిలో ఆగి, పోసేది ఎవరో చూసి, తాగకుండా వెళ్ళిపోయారు. మే నెల ముదిరేసరికి వాళ్ళూ ఆగి తాగారు. ఊరంతా మారిపోయిందని చెప్పను. బావి దగ్గర ఆ తేడా ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. కానీ మా ఊళ్ళో అందరూ ఒకే చాప మీద కూర్చున్న మొదటి చోటు ఆ పందిరే.

ఆడవాళ్ళు ఆ రోజుల్లో లైబ్రరీకి వచ్చేవాళ్ళు కాదు. అందుకని పుస్తకమే వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడ్డసంచిలో పుస్తకాలు వేసుకుని ఇంటింటికీ తిరగడం ఆడపిల్లల పని. మా అక్కయ్య మోసేది ఆ సంచి. పాత పుస్తకం తీసుకుని, కొత్తది ఇచ్చి, చీటీ మీద రాసుకురావాలి. చదువు వచ్చిన అత్తమ్మ ఒకావిడ వసారాలో చదువుతుంటే చుట్టూ పదిమంది చింతపండు గింజలు తీస్తూ వినేవాళ్ళు. ఏ పుస్తకం మళ్ళీ కావాలో, ఏది నచ్చలేదో వాళ్ళు అక్కయ్యకి చెబితే, అక్కయ్య మాస్టారికి చెప్పేది. ఆ మాట మీదే కొత్త పుస్తకాలు కొనేవారు.

ఓ వేసవిలో మమ్మల్నందర్నీ రైలెక్కించి వేటపాలెం తీసుకెళ్ళారు, సారస్వత నికేతనం చూపించడానికి. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ దాచి ఉంచారు. నేను మాత్రం ఆ కర్ర కంటే పాత పత్రికల్ని ఎక్కువసేపు చూశాను. మేం పుట్టకముందు అచ్చయిన పత్రికలు ఏళ్ళ వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. చేనేత పని మీద బతికే పల్లెటూళ్ళో ఇన్ని పుస్తకాలా అని నోరు తెరిచాం. తిరిగొచ్చాక మా లైబ్రరీలో కూడా పాత పత్రికలు పొట్లాలకి ఇవ్వడం మానేసి, కుట్టి దాచడం మొదలుపెట్టాం.

రైల్లో వస్తూ మాస్టారు చెప్పిన సంగతి మీకూ చెప్పాలి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళంతా సభ చేసుకుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ఏప్రిల్‌లో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ ఎండలో ఊరూరి నుంచి జనం వెళ్ళారు. దాని వెనక తిరిగిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. సభకి అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నప్పటి నుంచే ఆయనకి చూపు తక్కువ, తర్వాత పూర్తిగా పోయింది. తన జీవితకథ ఆయన చెబుతుంటే ఇంకొకరు రాశారు. ఒకరు చదివి ఇంకొకరికి వినిపించడం ఎంత పెద్ద ఉపకారమో ఆయన కంటే ఎవరికి తెలుస్తుంది? అటు హైదరాబాదులో అంతకు ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. నైజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే అనుమతి అడగాల్సిన కాలం వచ్చినా, తెలుగు మాట నలుగురిలో వినపడే చోట్లుగా ఇలాంటి నిలయాలే నిలబడ్డాయి. వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వీళ్ళెవ్వరూ జనం తమ దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు. పుస్తకం పట్టుకుని తామే వెళ్ళారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీరు పిడికెడు బియ్యం తియ్యక్కర్లేదు. మీ నాన్న కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుంది. అంటే మన ఊళ్ళో ఉన్న శాఖా గ్రంథాలయం మీ ఇంటి డబ్బుతో కూడా నడిచేదే, అడిగే హక్కు మీకుంది. వేసవిలో అక్కడ విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చదరంగం నేర్పిస్తారు, ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిస్తారు. వెళ్ళండి. మీ వీధి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఎవరైనా గుమ్మం బయట నిలబడి చూస్తుంటే, లోపలికి రమ్మని మీరే పిలవండి.

ఇంకొక పని. మీ వీధిలో కళ్ళు ఆనక పేపరు పక్కన పెట్టేసిన ముసలివాళ్ళున్నారు. ఆసుపత్రి చీటీ, బ్యాంకు కాగితం చదువుకోలేక మొహమాటపడేవాళ్ళున్నారు. ఈ వేసవిలో తలా ఒక్కర్ని ఎంచుకోండి. రోజూ సాయంత్రం ఓ పావుగంట కూర్చుని, వాళ్ళకి ఏది కావాలంటే అది పైకి చదివి వినిపించండి. ఎవరు ఎవర్ని ఎంచుకుంటారో ఇప్పుడే చెప్పండి, పేర్లు రాసుకుంటాను.